గుంపు మేస్త్రీ

లుసైల్ పట్నంలో రోడ్డు పక్క ఖర్జూరపు చెట్లకు నీళ్ల పైపులు సరిచూసే పని తిరుమల్‌ది. పని పనే, కాకపోతే చెట్టు నీడ ఉంటుంది, దగ్గర్లో చల్లటి నీళ్లు దొరుకుతాయి. ఇన్నేళ్లు ఖతర్ ఎండకు ఎండి వరుగైపోయిన మనిషికి అంతకంటే ఏం కావాలి? మోకాళ్లు ఏనాడో అరిగిపోయాయి. కూర్చుంటే లేవలేడు, లేస్తే కూర్చోలేడు. అలాంటివాణ్ణి మేనేజరు ఏసీ గదిలోకి పిలిచి, కుర్చీ వేసి, నిన్ను ఫోర్‌మన్ని చేస్తాం అన్నాడంటే ఎవడికైనా అనుమానం రావాలి. తిరుమల్‌కూ వచ్చింది.

సంగతేమిటంటే, ఉత్తరాన ఎడారిలో కంపెనీ కొత్తగా కూరగాయల తోట పెడుతోంది. ప్లాస్టిక్ గుడారాల కింద దోసకాయలు, టమాటాలు. ఎక్కడెక్కడివాళ్లనో పోగేసి తెస్తే నెల తిరక్కుండా పారిపోతున్నారు. అదే ఒక్క ఊరివాళ్లయితే కదలరు. కదిలితే తీసుకొచ్చిన పెద్దమనిషి పరువు పోతుంది, రేపు ఊళ్లో ఒకరి ముఖం ఒకరు చూసుకోవాలి కదా. కాబట్టి తిరుమల్ సెలవు మీద జగిత్యాల పక్కనున్న తన ఊరికి వెళ్లి, తనవాళ్లను ఒక గుంపుగా వెంటబెట్టుకు రావాలి. తెచ్చాడా, ఫోర్‌మన్ పోస్టు, క్యాంపులో సొంత గది, ఇక ఎండ మొహం చూడక్కర్లేదు.

ఆ తోటను తిరుమల్ చూసే ఉన్నాడు. పైపులు వేయడానికి కొన్నాళ్లు పంపారు. పొద్దెక్కాక ఆ గుడారంలో నిలబడితే ఊపిరి ఆడదు, కళ్లు బైర్లు కమ్ముతాయి. పడుకోవడానికి రేకుల షెడ్డు. తాగే నీళ్ల ట్యాంకరు వచ్చినప్పుడు వచ్చినట్టు, రానప్పుడు రానట్టు. పాదులకు మాత్రం వేళకు పైపు నీళ్లు. అక్కడి దోసకాయకున్న వైభోగం మనిషికి లేదు.

మేనేజరు పేరు అప్పడు. మారిషస్ వాడు. పేరు విన్న రోజు క్యాంపులో మనవాళ్లు పొట్ట చెక్కలయ్యేలా నవ్వారు. తీరా చూస్తే ఆయన మనవాడే. తెలుగు రాదు గానీ, సింహాద్రి అప్పన్న గోవిందలు మాత్రం తప్పు పోకుండా చెబుతాడు. కూలీలతో మాట్లాడేది హిందీలో. ఆ రోజు కంపెనీ మాట చెప్పడం పూర్తయ్యాక లేచి తలుపు మూసి వచ్చాడు. చెప్పమన్నది చెప్పాను, ఇప్పుడు నా మాట కూడా విను అన్నాడు.

వాళ్ల దీవిని ఇంగ్లీషువాళ్లు పట్టుకున్నారట. నేల ఉంది, చెరుకు ఉంది, నరికే చేతులు చాలవు. మొదట ఆఫ్రికా బానిసలతో పని నడిచింది. బానిసత్వం రద్దయ్యేసరికి దొరల చూపు మన తీరం మీద పడింది. కాకినాడ దగ్గరి కోరింగ రేవు నుంచి ఓడలు బయల్దేరాయి. అప్పడు తాతకు తాత అలా వెళ్లినవాడే. ఒప్పందం తీరాక తెల్లబట్టలు కట్టుకుని ఊరికి తిరిగొచ్చాడు. ఈసారి తన వీధి వీధినే వెంటబెట్టుకు వెళ్లాడు. దొర ఆయన్ను గుంపుకు మేస్త్రీని చేసి చేతికి కర్ర ఇచ్చాడు, వేరే ఇల్లిచ్చాడు. నమ్మి వెళ్లినవాళ్లు ఆ చెరుకుతోటల్లోనే మట్టయ్యారు. ఒక తోట పది తోటలైంది, దీవంతా చెరుకైంది.

“ఇంగ్లీషువాళ్లు వలస రాజ్యం కట్టారని పుస్తకాల్లో రాస్తారు,” అన్నాడు అప్పడు. “వాళ్లు నేల పట్టుకున్నారు, అంతే. దాన్ని మనుషులతో నింపింది మా తాతకు తాత. ఈనాటికీ మా దీవిలో తెలుగువాళ్లు మా ఇంటికి పిల్లనివ్వరు.”

మరి నువ్వెందుకు ఈ పని చేస్తున్నావు సార్ అని అడిగాడు తిరుమల్. అప్పడు కళ్లద్దాలు తీసి ముఖం రుద్దుకున్నాడు. తర్వాత సెలవు కాగితం తిరుమల్ ముందుకు జరిపాడు.

తిరుమల్ బతుకు కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం అన్నట్టయింది. ఫోర్‌మన్ కుర్చీ మీద ఆశ లేదని చెబితే అది పచ్చి అబద్ధం. బస్సు ఎక్కిన ప్రతిసారీ మోకాళ్లు ఆ కుర్చీని గుర్తుచేసేవి. ఇంకో పక్క, ఈ కబురు అప్పుడే ఊరికి చేరిపోయింది. భార్య గంగాబాయికి మాటవరసకు చెప్పాడు, ఆమె వాడకట్టంతా చెప్పింది. తిరుమల్ అక్క కొడుకు సురేందర్ ఆటో అమ్మేసి కూర్చున్నాడు, మామ దుబాయ్ తీసుకుపోతాడని. ఊళ్లోవాళ్లకు గల్ఫంతా దుబాయే.

శుక్రవారం ఫోన్ చేస్తే గంగాబాయి స్పీకర్ పెట్టింది. వాకిట్లో జనం. తిరుమల్ ఒక్కసారి గట్టిగా ఊపిరి పీల్చుకుని చెప్పేశాడు.

“ఇనుర్రి. అది తోట కాదు, పొయ్యి. నేను సూసిన. మిమ్ముల తోల్కచ్చి అండ్ల ఏసుడు నాతోని కాదు. అద్దు, రాకుర్రి.”

వాకిట్లో ఎవరో కిసుక్కున నవ్వారు. దూరపు కొండలు నునుపు అంటారు, నిజమే. కొండ మీదున్నవాడే గరుకురా బాబూ అని మొత్తుకుంటే వాడికి అసూయ అంటారు. తాను స్లాబు ఇల్లు కట్టుకున్నాడు, ఇంకొకడు కడితే ఓర్వలేడన్నారు. నిన్నటిదాకా అన్నా అన్నా అన్న నోళ్లే ఇవి. నల్లా కాడ నీళ్లు పట్టేటప్పుడు తనతో ఎవ్వరూ మాట్లాడడం లేదని గంగాబాయి ఫోన్‌లో ఏడ్చింది.

తిరుమల్ కాదంటే పని ఆగుతుందా? ఇదే కంపెనీలో పనిచేస్తూ సెలవు మీద ఇంటికెళ్లిన పక్క ఊరి నర్సింలు రంగంలోకి దిగాడు. గుంపు కట్టాడు. అందులో సురేందర్ మొదటివాడు. ఆ కబురు చెబుతూ అప్పడు తల పైకెత్తలేదు.

తిరుమల్‌కు కోపం రావాలి. రాలేదు. చచ్చేంత అలసట వచ్చింది. చావండి నాకేం అనుకుని పడుకుంటే నిద్ర పట్టదే. ఆ గుడారంలో ఎప్పుడు బయటికి రావాలో వాళ్లకు తెలియదు. తల తిరిగితే ఎవరికి చెప్పాలో తెలియదు, నీళ్లలో ఉప్పు కలుపుకోవాలనీ తెలియదు. పోయి అప్పడును అడిగాడు, నన్ను కూడా అక్కడికి మార్చండి, ఫోర్‌మన్‌గా కాదు, కూలీగానే అని. నీకు మతి పోయిందా, ఆ మోకాళ్లతోనా అన్నాడాయన. తిరుమల్ వినలేదు. లుసైల్ నీడను వదిలి, మూట కట్టుకుని, వాళ్లకంటే ముందే ఆ రేకుల షెడ్డుకు చేరాడు.

వారం తిరగకుండా పొద్దున్నే బస్సు వచ్చింది. కొత్త బూట్లతో సురేందర్ దిగాడు. తడి తువ్వాల తలకు చుట్టుకుని, చేతిలో పైపుతో నిలబడ్డ మామను చూసి వాడి ముఖం వెలిగిపోయింది. ఎండ ముదరకముందే బయటికి రావాలి బిడ్డా అని తిరుమల్ మొదలుపెట్టాడో లేదో, వాడు ఫోన్ తీసి ఊరికి వీడియో కలిపాడు.

“సూడుర్రి, ఎవలున్నరో! తిరుమల్ మామ. మనల రావద్దన్నడు, తనైతే లుసైల్ ఇడిసి గీడికే మార్చుకున్నడు. మంచిగ లేకపోతే గీడికెందుకత్తడు?”

వాడిలో కోపం లేదు. దొరికిపోయావు మామా అన్న ముద్దు తప్ప ఏమీ లేదు. బస్సు దిగినవాళ్లంతా నవ్వుతూ వచ్చి చేతులు పట్టుకున్నారు. మీ కోసం వచ్చానురా అని తిరుమల్ అన్నాడు. నమ్మకేం, నమ్మాం అంటూ మళ్లీ నవ్వారు. ఫోన్‌లో ఊరి వైపు నుంచి నర్సింలు గొంతు వినపడింది, ఇంకో గుంపు తయారవుతోందని ఎవరికో చెబుతున్నాడు. అంతలో తెర మీదికి తిరుమల్ అక్క, సురేందర్ తల్లి, వచ్చింది. ఇన్నాళ్లూ మాట్లాడని మనిషి, కళ్లు తుడుచుకుంటోంది.

“తమ్మీ, మా చిన్నోన్ని సుత పంపుతున్న. నువ్వున్నవు కద, ఇగ నాకు రంది లేదు.”

అద్దక్కా అన్నాడు తిరుమల్. అప్పటికే అక్కడ ఎవరో ఫోన్ లాక్కుని, తోట చూపించమని అడుగుతున్నారు.