చప్పట్లతో ఎన్నిక

ఎన్నిక ఇంకా జరగనే లేదు, కాలేజీ గేటుకు మధులిక ఫొటోతో ఫ్లెక్సీ కట్టేశారు. ‘నూతన అధ్యక్షురాలికి శుభాకాంక్షలు’ అట. ఫొటో ఎక్కడిదా అని చూస్తే, మొన్న కరీంనగర్‌లో చెల్లెలి కూతురి పెళ్లిలో తీసింది. పక్కనున్న పెళ్లికూతుర్ని కోసేసి ఈమెను మాత్రం ఉంచారు. గోరింటాకు పెట్టుకున్న చెయ్యి ఒకటి మాత్రం ఈమె భుజం మీద మిగిలిపోయింది. మంచిర్యాల స్టేషన్ నుంచి ఆటోలో వచ్చి దిగిన మధులికకు ఆ చెయ్యి చూడగానే ఒళ్లు జలదరించింది.

ఉత్తర తెలంగాణ అర్థశాస్త్ర అధ్యాపకుల పరిషత్తు అని పేరు పెద్దదే. దాని పాలకమండలి అధ్యక్షుణ్ణి ఎన్నుకునే తంతు మాత్రం చిన్నది. రెండేళ్లకోసారి ఉపాధ్యక్షుడి పేరు ఎవరో ఒకరు లేచి చెబుతారు, అందరూ చప్పట్లు కొడతారు, ఆ చప్పట్లే ఓట్లు. దిగిపోయేవాడు ఎక్కేవాడికి శాలువా కప్పుతాడు. పరిషత్తు మహాసభ ఏ ఊళ్లో పెట్టాలో ఎక్కినవాడే చెబుతాడు. ఆపైన భోజనాలు. ఉపాధ్యక్షుడే అధ్యక్షుడు కావడమన్న వరస ఇన్నేళ్లలో ఒక్కసారీ తప్పలేదు. ఈసారి వరసలో ఉన్నది లక్ష్మీరాజం. సిరిసిల్లలో మరమగ్గాల మీద, అక్కడివాళ్ల మాటలో సాంచాల మీద, బతికిన ఇంట్లో పుట్టి, చెన్నూరులో డిగ్రీ పిల్లలకు పాఠాలు చెబుతున్న మనిషి. వరస మార్చాలన్న బుద్ధి పెద్దలకు సరిగ్గా ఇప్పుడే పుట్టింది.

దిగిపోతున్న అధ్యక్షుడు జలపతిరావు మధులికకు మేనమామ వరస. ప్రిన్సిపాల్ గదిలో ఆమెను కూర్చోబెట్టి టీ తెప్పించాడు.

“ఒక ఆడబిడ్డను కుర్చీల కూసోవెట్టాలె అని ఎప్పటిసంది నా మనసుల ఉన్నది బిడ్డా,” అన్నాడు.

అంత పాత కోరిక ఇన్నాళ్లూ ఏ మూల దాక్కుందో మధులికకు అర్థం కాలేదు. మండలిలో చేరిన నాటినుంచీ ఆమెకు అప్పగించిన పనులు జ్యోతి వెలిగించడం, అతిథికి పూలగుత్తి ఇవ్వడం, చివర్లో వందన సమర్పణ. వందన సమర్పణ ఆమె బాగా చేస్తుందని అందరికీ పేరు.

మరి లక్ష్మీరాజం సార్ సంగతేమిటని అడిగింది.

“మంచోడే, కాదంటలేను. కని మంత్రులొస్తరు, వీసీలొస్తరు. గాళ్ల నడుమ కూసుంటే జర నప్పాలె గద.”

కులం పేరెత్తలేదు. ఎత్తకుండా ఆ మాట ఎంత మెత్తగా చెప్పొచ్చో తమ ఇళ్లలో చిన్నప్పటినుంచీ వింటున్నదే. టీ కప్పు బల్లమీద పెట్టేసింది. అంతకంటే రోత ఏమిటంటే, కుర్చీ మాట వినగానే తన లోపల కూడా ఎక్కడో కాస్త సంతోషం కదిలింది.

వరండాలో లక్ష్మీరాజం ఎదురయ్యాడు. ఆయనకు అంతా ముందే తెలుసు. మధులిక పేరు ప్రతిపాదించే పని కూడా ఆయనకే పెట్టారట, ఎవరూ నోరెత్తకుండా. సరేనన్నాడట. మధులికకు ఒళ్లు మండింది. మీకు రోషం లేదా అని అడగబోయి, ఆయన మొహం చూసి ఆగింది.

“మీరు వద్దనకుండ్రి మేడం,” అన్నాడు ఆయన మెల్లగా. “మీరు కూసుంటే మహాసభ సిరిసిల్లల వెట్టుకుందం. సాంచాలు నడిపేటోళ్లు స్టేజీ ఎక్కి మాట్లాడాలె, మనం కింద కూసొని వినాలె. నాకు గదొక్కటి చాలు. మా అవ్వకు సుత చెప్పిన, గీసారి మనూర్లెనే అని.”

మధులిక అవుననలేదు, కాదనలేదు. ఈ మనుషుల చేతులమీదుగా వచ్చే కుర్చీలో తను కూర్చోవడమా? ఛీ అనుకుంది. అనుకున్నాక మనసు తేలికపడింది. తన నిజాయితీ తనకే ముద్దొచ్చింది కూడా.

సమావేశం మొదలైంది. లక్ష్మీరాజం లేచి మధులిక పేరు చెప్పాడు. చప్పట్లు ఇలా మొదలయ్యాయో లేదో, ఆమె లేచి నిలబడింది.

“నా పేరు వద్దు. వరస లక్ష్మీరాజం సార్‌ది. గిన్నేండ్లు ఎవలకు తప్పని వరస సార్‌కే ఎందుకు తప్పాలె? నేను సార్ పేరు చెప్తున్న,” అని చప్పట్లు కొట్టింది.

ఆమె చప్పట్లు ఆమెకే వినిపించాయి. ఒకాయన ఎజెండా కాగితాన్ని అటూ ఇటూ తిప్పాడు, ఇంకొకాయన కళ్లద్దాలు తుడుచుకున్నాడు. ఆదివాసీ గూడేల మీద పరిశోధన చేసి, సమానత్వం గురించి ఊరూరా ఉపన్యాసాలిచ్చే అరుణ్‌కుమార్ ఫోన్ చూసుకుంటున్నాడు. లక్ష్మీరాజం తల దించుకున్నాడు. మధులిక చేతులు వాటంతటవే ఆగిపోయాయి.

అప్పుడు అరుణ్‌కుమార్ ఫోన్ జేబులో పెట్టి లేచాడు. రెండు పేర్లు వచ్చాయంటే గొడవ జరిగిందని పేపర్లో పడుతుందనీ, పరిషత్తు పరువు పోతుందనీ, ఏకాభిప్రాయం కుదిరేదాకా పెద్దాయననే కొనసాగిద్దామనీ అన్నాడు. హాలు దద్దరిల్లింది. అన్ని చప్పట్లు అప్పటిదాకా ఎక్కడ దాచుకున్నారో.

“నాకైతే ఇష్టం లేదు. కని మీరందరు అంటుండ్రు,” అన్నాడు జలపతిరావు, అప్పటికే కుర్చీలో సర్దుకుని కూర్చుంటూ.

శాలువా దగ్గర చిక్కొచ్చింది. దిగిపోయేవాడు ఎక్కేవాడికి కప్పాలి, ఇక్కడ ఇద్దరూ ఒకరే. ఉపాధ్యక్షుణ్ణి పిలిచారు. లక్ష్మీరాజం వచ్చి శాలువా మడత విప్పి, జలపతిరావు భుజాల చుట్టూ కప్పి, జారకుండా అంచు కూడా సర్దాడు. ఫొటో తీశారు. వెంటనే మహాసభ వేదిక సంగతి ఎత్తి, కరీంనగర్‌లో జలపతిరావు వియ్యంకుడి ఫంక్షన్ హాలు ఖాయం చేశారు. చప్పట్లు. సిరిసిల్ల పేరు ఎవరి నోటా రాలేదు.

లక్ష్మీరాజం తిరిగి వచ్చి మధులిక పక్కన కూర్చున్నాడు. ఆయన కోపంగా ఉంటే బాగుండేదని ఆమెకు అనిపించింది.

“మంచిగ మాట్లాడిండ్రు మేడం,” అన్నాడు. చేతిలో మిగిలిన శాలువా కవరు మడుస్తూ, “ఇంటికి పోయి అవ్వకు ఏం చెప్పాల్నో అదే సమజైతలేదు,” అన్నాడు.

తను చేతికి మురికి అంటకుండా చూసుకుంది, ఆయన సభ పోయింది. ఆ కుర్చీలో కూర్చుని ఉంటే రోత తనకు మిగిలేది, సభ ఆయనకు దక్కేది.

మైకులో ఎవరో వందన సమర్పణకు మధులిక మేడం రావాలని పిలిచారు. రానని చెప్పాలనే లేచింది. కాళ్లు అలవాటుగా వేదికవైపు నడిచాయి, చెయ్యి అలవాటుగా మైకు అందుకుంది.

“అధ్యక్షులు, గౌరవనీయులు జలపతిరావు గారికి...” అని తన గొంతు తనకే వినిపించింది.