ఒక్క సాయంత్రం తొడిగిన కోటు

నేను ఒక మిలిటరీ కోటును. మోకాళ్ళ కిందిదాకా వచ్చే ఉన్ని కోటును. రంగు ఖాకీ, గుండీలు ఇత్తడివి, బరువు ఒక చంటిబిడ్డంత. నన్ను చూసినవాళ్ళు గొంతు తగ్గించి గౌరవంగా మాట్లాడతారు గానీ, నా బుద్ధి అంత గొప్పది కాదు. నాకు అసూయ ఎక్కువ. పుట్టిన దగ్గరనుంచి ఎవరినో ఒకరిని చూసి కుళ్ళుకుంటూనే ఉన్నాను.

చైనాతో యుద్ధం వచ్చిన ఏడాది ఉత్తరాదిన ఒక కార్ఖానాలో నన్ను కుట్టారు. అక్కణ్ణుంచి లారీలో మంచుకొండల కింద ఉన్న ఒక శిబిరానికి చేరాను. అక్కడ నన్ను బెవర గౌరినాయుడు అనే జవానుకు ఇచ్చారు. అతనిది విజయనగరం పక్కన ఒక పల్లె. బక్కపలచటి మనిషి. నన్ను తొడుక్కోగానే అతని వేళ్ళు నా చేతుల్లో ఎక్కడో మాయమైపోయాయి. గుడారంలో ఉన్నవాళ్ళంతా ఒకటే నవ్వు.

"నాను కనపడతన్నానా లేదా? కోటే నడిసొస్తన్నట్టు లేదూ?" అని తనూ నవ్వాడు.

ఆ సాయంత్రమంతా అతను నన్ను విప్పలేదు. నాలోనే టీ తాగాడు, నాలోనే పేకాడాడు, నా జేబుల్లో చేతులు పెట్టుకుని కొండల వైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక మనిషి ఒంటి వేడి ఎలా ఉంటుందో నాకు తెలిసింది అప్పుడే. భోజనాల వేళకి నన్ను దర్జీకి ఇచ్చి, "సేతులు కాస్త కురస సెయ్యి బాబూ, రేపొచ్చి పట్టుకెళ్తాను" అన్నాడు. దర్జీ ఒక చేయి కత్తిరించి కుట్టడం పూర్తిచేశాడు. రెండోది మొదలుపెట్టేలోపు కొండల పైకి, యుద్ధానికి వెళ్ళమని ఆర్డరు వచ్చింది. గౌరినాయుడు ఊరినుంచి తెచ్చుకున్న స్వెట్టరు వేసుకుని వెళ్ళిపోయాడు.

మళ్ళీ రాలేదు. తూటా తగిలిందని కొందరన్నారు, చలి చంపిందని కొందరన్నారు. ఆ స్వెట్టరు చివరిదాకా అతన్ని అంటిపెట్టుకునే ఉంది. దాన్ని తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది.

అతని ట్రంకుపెట్టెలో పడి నేను వాళ్ళ ఊరు చేరాను. భార్య సన్యాసమ్మ అప్పటికి నిండు చూలాలు. ఎవరూ వచ్చి చెప్పకముందే ఆవిడ నా చేతుల తేడా చూసి సంగతంతా గ్రహించింది. తర్వాత కాన్పయి ఆడపిల్ల పుట్టింది. పారమ్మ అని పేరు పెట్టారు. సన్యాసమ్మ ఏటా వేసవిలో నన్ను తీసి ఎండలో ఆరేసి, కర్పూరం బిళ్ళలు వేసి మళ్ళీ మడతపెట్టేది. మడతపెట్టే ముందు కాసేపు నా గుండీల మీద చెయ్యి వేసి కూర్చునేది. పారమ్మ గుమ్మంలో నిలబడి చూసేది గానీ దగ్గరికి వచ్చేది కాదు. నన్ను ముట్టుకునేదీ కాదు.

సన్యాసమ్మ పోయాక పెట్టెతో సహా పారమ్మ ఇంటికి వచ్చాను. విజయనగరం బస్టాండు దగ్గర ఆవిడ చాలాకాలం ఇడ్లీ కొట్టు నడిపింది. మొగుణ్ణి పోగొట్టుకుంది, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేసింది, జుట్టు నెరిసింది. ఇన్నేళ్ళలో నా పెట్టె మూత ఒక్కసారీ తియ్యలేదు.

అలా ఉండగా సూర్యారావు అనే రిటైర్డు సుబేదారు వెతుక్కుంటూ వచ్చాడు. కాలేజీ మైదానంలో యుద్ధ చరిత్ర ప్రదర్శన పెడుతున్నాడట. పాత తుపాకులు, కత్తులు వస్తున్నాయట. కుర్రాళ్ళు సైనికుల వేషాలు వేసుకుని యుద్ధాలు ఆడి చూపిస్తారట. అందులో గౌరినాయుడి ఘట్టం కూడా ఉంటుందట.

"కోటు ఇయ్యండి పారమ్మగారూ. బాగున్నవాటిని తరవాత ఊళ్ళో కట్టే హాల్లో శాశ్వతంగా పెడతాం" అన్నాడు.

"తీసుకెళ్ళండి. నానేటి సేసుకుంటాను దాన్ని?" అంది పారమ్మ.

ఆ మాటకి నొచ్చుకున్నాను. కానీ శాశ్వతమైన హాలు, అందులో గాజుపెట్టె, దీపం ఊహించుకునేసరికి ఆ నొప్పి మరిచిపోయాను.

ప్రదర్శనకి ముందు నన్ను చూసి ఒక దర్జీ డజను కోట్లు కుట్టాడు. పల్చటి గుడ్డ, ప్లాస్టిక్ గుండీలు. రెండు చేతులూ మాత్రం సమానంగా కుట్టాడు. నాకంటే అందంగా ఉన్నాయి వెధవలు!

ప్రదర్శన రోజున నన్ను గాజుపెట్టెలో వేలాడదీసి, కింద 'చైనా యుద్ధంలో వీరజవాను బెవర గౌరినాయుడు ధరించిన కోటు' అని రాసిపెట్టారు. గర్వపడదామనుకున్నాను. ఎవరైనా వస్తేగా! జనమంతా ఎదుటి బల్ల మీది పాత త్రీ నాట్ త్రీ రైఫిలు చుట్టూ మూగారు. అది పేలదు. గొట్టంలో సీసం పోసి ఉంది. అయినా ప్రతివాడూ ఎత్తి భుజానికి ఆనించి, ఒక కన్ను మూసి ఫోటో దిగేవాడే. తుపాకీ పట్టుకోగానే మెతక మనిషికి కూడా మీసం మొలిచినట్టు మొహం మారిపోతుంది. ఈస్టిండియా కంపెనీ సిపాయి వేషం వేసిన ఒకాయన తలపాగా చంకలో పెట్టుకుని పుల్ల ఐసు చీకుతూ తిరిగాడు. ఆయనతో కూడా జనం ఫోటోలు దిగారు. నా దగ్గర ఒక పాప మాత్రం ఆగి, "అమ్మా, దీని సెయ్యొకటి పొట్టేటి?" అంది. అమ్మ చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది.

మధ్యాహ్నం ఎండ మండిపోతుంటే మైదానంలో యుద్ధం మొదలైంది. నేలంతా దూది పరిచి మంచు అన్నారు. టపాకాయలు పేల్చి తూటాలన్నారు. గౌరినాయుడి వేషం వేసినవాడు లోకనాథం. సెల్‌ఫోన్లు బాగుచేసే కొట్టు నడుపుతాడు, నాటకాలంటే పిచ్చి. ఆ ఉత్తుత్తి కోటు అతని ఒంటిమీద పరుగెత్తింది, పొగలో దొర్లింది, దుమ్ము కొట్టుకుంది, చెమటకి తడిసింది. యుద్ధం కోసం పుట్టిన నేను గాజు వెనక ఉరేసుకున్నట్టు వేలాడుతూ చూస్తున్నాను. నా కడుపు ఎంత మండిందో చెప్పలేను.

లోకనాథం గుండె పట్టుకుని కూలిపోయాడు. మైకులో సూర్యారావు గొంతు వణికిస్తూ ఏదో చెబుతున్నాడు. ఇంతలో ముందు వరస కుర్చీలోంచి పారమ్మ లేచింది. తాడు దాటి, దూది తొక్కుకుంటూ గబగబా వెళ్ళి అతని పక్కన కూలబడింది.

"లెగు నానా," అంది. "లెగు. ఎవులూ లేరిక్కడ, నానొక్కదాన్నే."

మైకు ఆగిపోయింది. చచ్చిపోయిన లోకనాథం కళ్ళు తెరిచి, ఏం చెయ్యాలో తెలియక అలాగే పడుకున్నాడు. ఆవిడ ఆ ప్లాస్టిక్ గుండీల మీద తల ఆనించింది.

అరవై ఏళ్ళుగా ఒకే కుటుంబంలో ఉన్నాం. ఒక్కనాడు నా మీద వేలు వెయ్యని మనిషి, నిన్న మొన్న పుట్టిన దొంగకోటు మీద తల పెట్టి ఏడుస్తోంది. స్వెట్టరు మీద, రైఫిలు మీద పడిన అసూయంతా దీని ముందు ఏపాటిది!

కాసేపయ్యాక లోకనాథం ఆవిణ్ణి నడిపించుకుని నా దగ్గరికి తీసుకొచ్చాడు. వెనకే సూర్యారావు.

"అమ్మా, మీ నాన్నగారిది ఇదీ. నాది ఉత్తిదేనమ్మా," అన్నాడు లోకనాథం.

పారమ్మ కింద రాసింది చదివింది. "ఇది అబద్దం," అంది. "ఇదేసుకుని మా నాన యుద్దం సెయ్యలేదు. ఇది దర్జీ కాడ ఉండిపోనాది. ఆయన సలిలో సచ్చిపోనాడో ఏటో, ఇది మాత్తరం సుబ్బరంగా ఇంటికొచ్చింది. మా యమ్మ దీన్ని సూసినప్పుడల్లా నాకు ఒళ్ళు మండిపోయీది. ఇదొచ్చింది, ఆయన రాలేదు."

సూర్యారావు ఇబ్బందిగా దగ్గాడు. "పారమ్మగారూ, యుద్ధంలో వాడినవే హాల్లో పెడతాం. మీరిలా అంటే..."

ఆ ఒక్క మాట మింగెయ్యమ్మా అని వేడుకున్నాను.

"పెట్టకండి," అంది పారమ్మ. "అబద్దం మీద మా నాన పేరు ఒద్దు."

లోకనాథం నెమ్మదిగా అడిగాడు. "అస్సలు ఏసుకోనే లేదామ్మా?"

"ఒక్క సాయంత్రం ఏసుకున్నాడంట. ఆయన సావాసగాడొచ్చి సెప్పినాడు, మా యమ్మతో."

"అయితే సాయంత్రం మళ్ళీ ఆడే ఆటకి నన్ను దీన్ని ఏసుకోనిస్తారా?"

సూర్యారావు ఒద్దొద్దన్నాడు. ఉన్ని పాతది, చిరిగిపోతుందన్నాడు. పారమ్మ నన్నూ లోకనాథాన్నీ మార్చి మార్చి చూసింది. "సిరిగితే సిరగనీ" అంది.

అలా ఇన్నేళ్ళకి నేను యుద్ధంలోకి దిగాను. పరుగెత్తాను. చంకలో కుట్టు పర్రుమని ఊడినా లెక్కచెయ్యలేదు. లోకనాథంతో పాటు దూదిలో బోర్లా పడి, తలెత్తి ముందు వరసకేసి చూశాను. ఈసారి పారమ్మ లేవలేదు. కదలకుండా కూర్చుంది. లోకనాథం విప్పి ఇచ్చిన ఆ ఉత్తుత్తి కోటు ఆవిడ ఒళ్ళో ఉంది. దాని కాలరు నిమురుతోంది! యుద్ధం నాకు దక్కింది, ఆ ఒడి దానికి దక్కింది. కింద పడుకుని కూడా కుళ్ళుకున్నాను.

చప్పట్లు ముగిశాక లోకనాథం రొప్పుతూ వచ్చి నన్ను విప్పి ఆవిడ చేతుల్లో పెట్టాడు. తన కోటు తను తీసుకున్నాడు.

పారమ్మ ఉలిక్కిపడింది. నన్ను అటూ ఇటూ తిప్పి, లోపలి గుడ్డ మీద అరచెయ్యి ఆనించింది.

"ఓలమ్మ... ఎచ్చగుంది," అంది. "పెట్టిలో సల్లగా పీనుగలాగుంటాదనుకునీదాన్ని." తర్వాత మరీ చిన్న గొంతుతో, "ఆ సాయంత్రం మా నాన ఇప్పినప్పుడు గూడా ఇలగే ఉండుంటాది, కాదేటి బాబూ?" అని అడిగింది.

"అలగే ఉంటాదమ్మా," అన్నాడు లోకనాథం.

రైఫిలు, కత్తులు హాలుకి పోయే వ్యానెక్కాయి. గాజుపెట్టె ఖాళీగా మిగిలింది. పారమ్మ నన్ను సంచీలో కుక్కకుండా చేతులమీద మోసుకుని ఆటో ఎక్కింది. నాలో ఉన్న వేడి నాది కాదు, గౌరినాయుడిదీ కాదు, సెల్‌ఫోన్లు బాగుచేసే కుర్రాడిది. ఆ సంగతి నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. దారిలో గాలి చల్లగా తగిలింది. ఇల్లు చేరేసరికి నేను పూర్తిగా చల్లారిపోయాను.

అయినా ఆవిడ నన్ను ఒళ్ళోంచి దించలేదు.