నడుమకు కోసిన అట్ట

కాలం చేసిన రాయమల్లు కొడుకులు ఆఖరికి పాటల రికార్డు అట్టను సుత నడుమకు కోసుకొని చెరిసగం తీసుకున్నరట. ఈ ముచ్చట సుల్తానాబాద్‌ల శంకరవ్వ, మహేశ్వరి వాళ్ళవ్వకు చెప్పింది. వాళ్ళవ్వ ఫోన్‌ల మహేశ్వరికి చెప్పింది. మహేశ్వరి కరీంనగర్‌ల తన మొగడు ప్రేమ్‌సాగర్‌కు అన్నం పెట్టుకుంట చెప్పింది.

"ఇల్లు సగం, పొలం సగం, గంగాళాలు సగం అయినయట. ముసలాయన ఇంగ్లీషు పాటల ప్లేట్లు మిగిలినయట. నీకొకటి నాకొకటి అని పంచుకుంట పోతుంటే ఒక అట్టల రెండు ప్లేట్లు ఎల్లినయట. అట్ట ఎవలకు? బిడ్డ సరోజన, హుజూరాబాద్‌ల బట్టలు కుడతది సూడు, ఆమె 'కొయ్యకుండ్రి, గదొక్కటి నాకియ్యుండ్రి' అన్నదట. ఇనలేదట. ఆమె సంచిలున్న కత్తెరనే తీసుకొని, ఆమె ముందటనే కసక్కుమని..." మహేశ్వరి నవ్వు ఆపుకోలేక గంటె గిన్నెల వేసింది.

ప్రేమ్‌సాగర్ నవ్వలే. ముద్ద చేతిలనే ఉన్నది.

"పుస్తకం లెక్క తెరిచే అట్టనా? మీద ఏం బొమ్మ ఉన్నదట?"

"శంకరవ్వకు బొమ్మతోని ఏం పని? ఆమెకు కొట్లాట కావాలె."

ప్రేమ్‌సాగర్ కరెంటాఫీసుల ఇంజనీరు. పాత ఇంగ్లీషు రాక్ బ్యాండ్ల రికార్డులు జమ చేసుడు ఆయన పిచ్చి. ఏవి పడితే అవి పనికిరావు. బ్యాండు ఏ దేశందో ఆ దేశంల, పాటలు బయటికొచ్చిన ఏడాదిల, మొదటి అచ్చుల పడ్డవే కావాలె. తర్వాత అచ్చైనవి ఊకెనే ఇచ్చినా ముట్టడు. "పాట గదే కదా సారూ" అని ఆఫీసోళ్ళు అంటే, "మొదటి ఏరుడు పత్తికి, ఆఖరి ఏరుడు పత్తికి ఫరక్ లేదా?" అని అడుగుతడు. వాళ్ళు ఒప్పుకోరు, ఆయన వదలడు. మహేశ్వరి పట్టుచీరెలు బీరువాలకెల్లి మంచం కిందికి దిగినయి, రికార్డులు బీరువా ఎక్కినయి.

అన్ని దొరికినయి కాని ఒక ఇంగ్లండు బ్యాండుది, ఒకే అట్టల రెండు ప్లేట్లుండే జోడు రికార్డు మాత్రం దొరకలే. ఒకసారి కొరియర్‌ల వచ్చింది, తెరిచి చూస్తే ప్లేటు పగిలి ఉన్నది. ఇంకోసారి వచ్చిన దాంట్ల అట్ట అసలుది, ప్లేట్లు కలకత్తల అచ్చైనవి. రాయమల్లు గోదావరిఖనిల బొగ్గుబాయి మీద పని చేసిండు. మనుషులను కిందికి దించి, మీదికి గుంజే మిషన్ నడిపేటోడు. ఆ మిషన్ బిగించనీకి వచ్చిన ఇంగ్లండు దొర పోయేటప్పుడు తన పాటల మిషన్, ప్లేట్లు అన్నీ ఆయనకే ఇచ్చిపోయిండని ఆ బొగ్గుబాయి కాలనీల అందరికి ఎరుకే. దొర తన దేశంకెల్లి తెచ్చుకున్నవైతే అసలువే అయితయి. ఆ జోడు తను ఎదుకుతున్నదేమో అని ప్రేమ్‌సాగర్‌కు ఆ రాత్రి నిద్ర సరిగ పట్టలే.

ఆదివారం సుల్తానాబాద్ పోయిండు. రాయమల్లు పెద్దకొడుకు శ్రీహరికి ఎరువుల దుకాణం. యూరియా బస్తాల ఎనుక అలమరకెల్లి సగం అట్ట, పాత దినపత్రికల చుట్టిన ప్లేటు తీసి బల్ల మీద పెట్టిండు. ప్రేమ్‌సాగర్ దుమ్ము ఊది, ఫోన్ లైటు ఏటవాలుగ పట్టిండు. పాటల గీతలు అయిపోయినంక, నడుమ కాగితం బిళ్ళకు ముందు, నున్నటి జాగ కొంచెం ఉంటది. అక్కడ చేతితోని చెక్కిన అంకెలుంటయి. మొదటి అచ్చుకు ఒక అంకె, తర్వాతి దానికి ఇంకోటి. ఆయన ఏండ్ల సంది ఫోటోలల్ల చూసిన అంకె అక్కడున్నది.

శ్రీహరి ప్లేటును చూడలే, ఆయన మొకాన్ని చూసిండు.

"సారూ, మొన్న పాతసామాన్లాయన గిది చూసిండు, గని గిట్ల ఊపిరి బిగబట్టలే."

ప్రేమ్‌సాగర్ దాచలేకపోయిండు. "ఇది అసలుదే. కాని ఒంటిది పనికిరాదు. రెండోది కావాలె."

"నా తమ్మునికాడున్నది. వాడు ముందుగాల ఇస్తే నేనిస్త."

తమ్ముడు కరుణాకర్ ఆదిలాబాద్‌ల పత్తి జిన్నింగ్ మిల్లుల సూపర్‌వైజర్. ప్రేమ్‌సాగర్ సెలవు పెట్టి పోయిండు. మీసాల మీద, కనుబొమ్మల మీద పత్తి నూగుతోని వచ్చిండు కరుణాకర్. ఎనుకకెల్లి ఒక హమాలీ మరాఠీల ఏదో అడిగితే మరాఠీలనే కసురుకొని, ప్రేమ్‌సాగర్ దిక్కు తిరిగిండు.

"అన్న ఏమన్నడు?"

"నువ్వు ముందుగాల ఇస్తే ఇస్తడట."

"గట్లనా? నేను సుత గంతే. ఆయన ముందుగాల ఇయ్యాలె."

ప్లేటు మాత్రం చూపించిండు. దీని మీద సుత అదే చేతిరాత. దొర కొన్ననాటి జోడే. అయితే ఒక విచిత్రం ఉన్నది. ఆ కాలంల కొన్ని మిషన్లు ప్లేట్లను ఒకదాని మీద ఒకటి పేర్చి పెడితే తమంతట తాము కిందికి వేసుకునేవి. అందుకని ఒక ప్లేటుకు ఒకటో దిక్కు, నాలుగో దిక్కు ఉంటయి. రెండోదానికి రెండు, మూడు. అంటే మొదలు, ఆఖరు శ్రీహరి దగ్గరున్నయి. నడుమదంత కరుణాకర్ దగ్గరున్నది.

ఇది చెప్తే కరుణాకర్ గడ్డం గోక్కున్నడు. "అంటే ఆయన వింటే నడుమ తెగుతది."

"నువ్వు వింటే మొదలే ఉండదు."

"నేనెక్కడ ఇంటున్న సారూ? మిషనే లేదాయె."

పంపకాలల్ల దొర పాటల మిషన్ సరోజనకు పోయింది. మోటరు కాలింది, ఇనుప సామాన్లకు వేసుకో అని ఇచ్చిండ్రు. ఆమె కుట్టుమిషన్ మెకానిక్‌తోనే దాన్ని బాగు చేయించుకున్నది.

ప్రేమ్‌సాగర్‌కు ఉపాయం తట్టింది. గీతలు పడ్డయో లేదో వాయిస్తే తప్ప తెల్వదు, వాయించకుంట తీసుకోనన్నడు. అన్నదమ్ములు ఇద్దరు ప్లేట్లు కండ్ల ముందటికెల్లి పోనియ్యమన్నరు. తన ఇంటికి రమ్మంటే రారు, ఒకరింటికి ఒకరు పోరు. ఇగ మిగిలింది హుజూరాబాద్‌ల సరోజన ఇల్లు.

సరోజన ఇంట్ల ముందటర్ర దుకాణమే. కుట్టుమిషన్, గోడకు ఏలాడే జాకిట్లు, మూలకు గుడ్డపీలికల మూట, దాని పక్కన చెక్కబల్ల మీద దొర మిషన్. శ్రీహరి కుర్చీల కూసున్నడు. కరుణాకర్ గడప మీద కూసున్నడు. ఇద్దరు సగం అట్టలను ఒళ్లెనే పెట్టుకున్నరు.

"గింత దూరం వచ్చి కడుపుకు పట్టుకొని కూసున్నరేందే?" సరోజన ఇద్దరి చేతులల్లకెల్లి గుంజుకున్నది. "నేను తినిపోను."

అట్టలు కుట్టుబల్ల మీద పెట్టి, శ్రీహరి ప్లేటు తీసి మెత్తని మల్లుగుడ్డతోని గుండ్రంగ తుడిచింది. ముల్లు దించింది. కాసేపు చిటపటమన్నది, తర్వాత గిటారు మొదలైంది. ప్రేమ్‌సాగర్ కండ్లు మూసుకున్నడు. లోపల ఎక్కడన్న గీత ఉన్నదా, ముల్లు ఎగురుతున్నదా అని చెవులు రిక్కించిండు. లేదు. రాయమల్లు చేతులు బొగ్గువే గాని, ప్లేట్లను మంచిగ దాసుకున్నడు.

ఒకటో దిక్కు అయిపోంగనే సరోజన ఎవల్ని అడగకుంట ప్లేటు మార్చింది. రెండోది అయినంక బోర్లేసింది. ఏ దిక్కు తర్వాత ఏ దిక్కు రావాలెనో ఆమె బిళ్ళ చూడకుంటనే చేస్తుంటే ప్రేమ్‌సాగర్ గమనించిండు.

"అక్కా, నీకెట్ల ఎరుక?"

"ఐతారం బాపుకు సెలవు. వీళ్ళిద్దరు క్రికెట్‌కు ఉరికేటోళ్ళు. ప్లేటు మార్చుడు నా పని."

మూడో దిక్కు నడుస్తుంటే శ్రీహరి కాలు నేల మీద తాళం వేస్తున్నది. కరుణాకర్ అది చూసి, నవ్వు రాబోతే మొకం వీధి దిక్కు తిప్పుకున్నడు. ప్రేమ్‌సాగర్ మళ్ళ కండ్లు మూసుకున్నడు. తెరిచేసరికి సరోజన చేతిల దబ్బనం ఉన్నది. రెండు సగాలను ఆనించి, కాలర్లకు వేసే బకరం ముక్క ఎనుక పెట్టి, మందపు దారంతోని కుట్టుకుంట వస్తున్నది.

"అక్కా! ఆగు, ఆగు! పొక్కలు పడితే అట్ట ఖరాబైతది!"

"కోసిన్నాడు ఖరాబ్ కాలేదా సారూ?"

ఆమె ఆఖరి కుట్టు ముడేసి దారం పంటితోని తెంపింది. అట్ట మీది బొమ్మ ఒక వెంట్రుకవాసి పక్కకు జరిగింది గాని కలిసింది. నాలుగో దిక్కు సుత అయిపోయింది. ముల్లు నడుమకు పోయి గురగురమంటుంటే ఆమె లేపి పెట్టింది.

ప్రేమ్‌సాగర్ అట్ట మీది కుట్టును వేలితోని తడిమిండు. "కుట్టు ఉన్నా సరే, నేను తీసుకుంట. ప్లేట్లు రెండు మచ్చ లేకుంట ఉన్నయి. అన్నదమ్ములు ఒక మాటనుకోండ్రి."

"మొదలు, ఆఖరు నాదాంట్లనే ఉన్నయి," అన్నడు శ్రీహరి. "నా పాలు ఎక్కువుండాలె."

"నడుమది లేకుంటే నీ మొదలును ఏం జేస్తరు, యూరియా బస్తాల వేస్తరా?" అన్నడు కరుణాకర్. "ఇద్దరికి సమానం. లేకపోతే నా ప్లేటు నేను తీసుకపోత."

"తీసుకపో. అట్టల సగం నాదే."

"అక్కా, కుట్టు ఇప్పి నా సగం ఇయ్యి," అన్నడు కరుణాకర్.

సరోజన రెండు ప్లేట్లను కుట్టిన అట్టల పెట్టింది. అట్టను కుట్టుమిషన్ సొరుగుల పెట్టి, సొరుగు నూకి, దాని ముందటికి ముక్కాలిపీట జరుపుకొని కూసున్నది.

"కోసెటప్పుడు నా కత్తెర తీసుకున్నరు గని నన్ను అడగలే. ఇప్పుడు కుట్టింది నేను. నేనియ్య."