సాగదీసిన గాజు

సింధూరి గాజు మీద పరిశోధన చేస్తోందని తెలిసిన కొత్తలో, రాజాం పక్కన వాళ్ల ఊళ్లో చాలామంది చేతికి వేసుకునే గాజులనుకున్నారు. పొరుగింటి రాణి అయితే హోల్‌సేల్ ధరకు నాలుగు డజన్లు తెమ్మని అడిగింది కూడా. తండ్రి జగన్నాధం మాత్రం కూతుర్ని అరుగు మీద కూర్చోబెట్టి సంగతంతా చెప్పించుకున్నాడు. కంప్యూటరులో ఒక ఊహా పెట్టె కట్టి, అందులో కొన్ని వేల పరమాణువులను పోసి, కరిగించి, చల్లార్చి, గాజుగా మార్చి, లోపల ఏది ఎటు కదులుతోందో లెక్కగట్టడం ఆమె పని. ఉప్పురాయిలో పరమాణువులు తాడు పట్టి నాటిన ఊడుపులా వరసల్లో ఉంటాయనీ, గాజులో వెదజల్లిన మడిలా ఎక్కడ పడితే అక్కడ ఉంటాయనీ చెబితే ఆయనకు తేలిగ్గానే ఎక్కింది.

"అయితే నీది ఎదమడి సదువన్నమాట" అన్నాడు.

ఆ చదువు చెప్పినవాడు ప్రొఫెసర్ మురళీమోహన్. విజయనగరం శివార్లలో ఒక యూనివర్సిటీలో ఆయనకో చిన్న ల్యాబ్ ఉంది. సింధూరి చేరిన రెండో ఏట జగన్నాధం డెంగ్యూతో శ్రీకాకుళం ఆసుపత్రిలో పడితే, మురళీమోహన్ ప్లేట్‌లెట్లు ఇవ్వడానికి ఇద్దరు విద్యార్థులను వెంటబెట్టుకుని వచ్చాడు. సాయంత్రం దాకా వరండాలో బల్ల మీద కూర్చున్నాడు. అప్పట్నుంచి ఆ ఇంట్లో సార్ అంటే దేవుడి తర్వాత మనిషి.

సార్‌కు పేరు తెచ్చినది ఒకే ఒక్క పేపరు. గాజులోని సోడియం అన్ని వైపులా చెదిరి తిరగదనీ, పొలంలో నీళ్లు కాలవ పట్టినట్టు కొన్ని దారుల్లోనే పరుగెడుతుందనీ ఆయన సిమ్యులేషన్‌లో చూపించాడు. బ్యాటరీలు చేసేవాళ్లకు పనికొచ్చే మాట కాబట్టి అందరూ దాన్ని ఉదహరించారు. ప్రొఫెసర్ పదవి, ప్రాజెక్టులు, సెమినార్లు అన్నీ ఆ కాలవల వెంటే వచ్చాయి. గాజులో పాళ్లు మారిస్తే ఆ కాలవలు ఎటు మళ్లుతాయన్నది సింధూరి థీసిస్. సార్ ఇచ్చిన పెట్టెతో మొదలుపెట్టి, ఆరేళ్లలో మూడు పేపర్లు రాసింది.

థీసిస్ సమర్పించడానికి రెండు నెలలుందనగా బెంగళూరులో తులసి గారని ఒక శాస్త్రవేత్త తన బృందంలోకి రమ్మంది. చేరేలోగా తమ ప్రోగ్రాం అలవాటు కావడానికి, మీ సార్ మొదటి గాజునే ఒకసారి చేసి చూడమంది. పాళ్లు ఇస్తే వాళ్ల ప్రోగ్రాం పెట్టెను తనే కట్టుకుంటుంది కాబట్టి సింధూరికది లాంఛనమే అనిపించింది. మూడు రోజుల తర్వాత ఫలితం తెరిచి చూస్తే కాలవలు లేవు. సోడియం గాజంతటా మందకొడిగా, ఎటు వీలైతే అటు పాకుతోంది.

తప్పు తనదే అనుకుంది. మళ్లీ చేసింది. మళ్లీ అదే. సార్‌ని అడిగితే, నువ్వు మరీ తొందరగా చల్లారుస్తున్నావు, పదింతలు నెమ్మదిగా చల్లార్చి చూడు అన్నాడు. దానికి నెల పట్టింది. అప్పటికీ కాలవలు రాలేదు. ఇంకా నెమ్మదిగా అన్నాడు ఆయన, ఆమె ముఖం వైపు చూడకుండా. మొదటి పేపరు నాటి ఫైళ్లు చూస్తానంటే పాత డిస్కు పాడైపోయిందన్నాడు.

డిస్కు పాడైంది కానీ, ల్యాబ్ సర్వరు మూలన పాత విద్యార్థుల ఫోల్డర్లు అలాగే ఉన్నాయి. అందులో అరుణశ్రీ అనే పేరు కనిపించింది. సార్ తొలి విద్యార్థిని. ఓపిక లేని పిల్ల, పెళ్లి చేసుకుని మధ్యలో మానేసింది అని సార్ ఎప్పుడూ చెప్పే మనిషి. ఆమె ఫోల్డర్లో అదే గాజు, అవే పరమాణువులు, కాస్త చిన్న పెట్టె. ఫైలు పైన ఒక వరస రాసి ఉంది: "సాంద్రత 2.49 ఉండాలి. సార్ పెట్టెలో 2.29 ఉంది."

సింధూరి తన ఫైలు తెరిచింది, అక్కడా 2.29. అంకె ఒకటి టైపు చేయడంలో తప్పు పడింది. దానివల్ల పెట్టె ఉండాల్సినదానికన్నా పెద్దదైంది. ఆ పెట్టెలో చల్లారిన గాజు నాలుగు వైపులా పట్టి లాగినట్టు సాగి, లోపల ఖాళీలు పడ్డాయి. సోడియం ఆ ఖాళీల్లో పరుగెత్తింది. కాలవలంటే అవే. రెండో ఏట పెట్టెలో ఒత్తిడి వింతగా ఉందేమిటని తాను అడిగినట్టు గుర్తుకొచ్చింది. పరమాణువుల మధ్య బలాలకు మనం వాడే సూత్రమే అంత, పట్టించుకోకు అన్నాడు సార్. ఆమె పట్టించుకోలేదు.

అరుణశ్రీ రాజాంలో ఒక డిగ్రీ కాలేజీలో ఫిజిక్స్ చెబుతోందని తెలుసు. మర్నాడే వెళ్లింది. మధ్యాహ్నం భోజనాల వేళ స్టాఫ్‌రూంలో అరుణశ్రీ క్యారేజీ విప్పుకుంటోంది. సింధూరి పేరు వినగానే మూత మళ్లీ పెట్టేసింది. ఎప్పటికైనా వస్తావనుకున్నాను అంది. ఫోన్లో పాత మెయిలొకటి వెతికి చేతికిచ్చింది. తప్పు గురించి తను రాసిన ఉత్తరం, దాని కింద సార్ జవాబు. 'నిజమే. కానీ ఈ సంగతి ప్రస్తుతానికి మనిద్దరి మధ్యే ఉండనీ. సమయం చూసి నేనే సరిచేస్తాను.'

తేదీ చూసింది సింధూరి. తను ల్యాబ్‌లో చేరడానికి సరిగ్గా ఐదు వారాల ముందు.

చేరిన మొదటి రోజు సార్ ఆ పెట్టె ఫైలును తన కంప్యూటరులోకి కాపీ చేస్తూ, ఇది మన ల్యాబ్‌కు పునాది, జాగ్రత్త అన్నాడు. అప్పటికే ఆయనకు తెలుసు.

"అక్కా, మూడేళ్ల కిందట ఈ పెట్టెతోనే పని సేస్తున్నానని నీకు మెయిల్ రాసినాను. 'ఆల్ ది బెస్ట్' అని ఒక్క ముక్క పంపినావు."

అరుణశ్రీ తలవంచుకుంది. "ఈ ఉద్యోగానికి సిఫారసు ఉత్తరం సారే రాసినారు. ఇంట్లో అత్తగారికి పక్షవాతం, సంపాదించేదాన్ని నాను ఒక్కర్తినే. ఏటి సెయ్యమంటావు సెప్పు."

సింధూరి ఆ మెయిల్ తనకు పంపించమని మాత్రం అడిగింది. అరుణశ్రీ చాలాసేపు ఫోన్ చేతిలో పట్టుకుని కూర్చుని, బెల్లు కొట్టే ముందు పంపించింది.

సార్ గదిలోకి పొద్దున్నే వెళ్లింది. ఆమె ప్రింటు తీసి తెచ్చిన మెయిల్ ఆయన చదివి, కళ్లజోడు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. కాదనలేదు. కోప్పడనూ లేదు. పాఠం చెప్పే గొంతుతోనే మాట్లాడాడు. బయట కొలిమిలో గాజు చల్లారడానికి గంటలు పడుతుంది, మన కంప్యూటరులో కనురెప్పపాటులో లక్షో వంతైనా పట్టదు, ఆ లెక్కన మన గాజు ఏదీ నిజం గాజు కాదు, అందరివీ తప్పులే, కాస్త తక్కువా కాస్త ఎక్కువా అంతే అన్నాడు. ఈ మాటలు ఆమెకు కొత్త కావు. మొదటి ఏడాది ఇవే మాటలు విని, ఎంత నిజాయితీ గల మనిషి అనుకుంది.

"తొందరగా చల్లారుస్తామని ప్రతి పేపర్లోనూ రాసుకుంటాం సార్. ఇది రాయలేదు. తెలిసే నా చేతికిచ్చారు."

ఆయన కిటికీ వైపు తిరిగాడు. "నువ్వు నా కూతురులాంటిదానివి. నీకు చెడు జరగాలని నేననుకుంటానా? థీసిస్ ఇచ్చెయ్. బెంగళూరు వెళ్లు. రెండేళ్లు పోయాక ఇద్దరం కలిసి నెమ్మదిగా సరిచేద్దాం."

అరుణశ్రీకి రాసింది కూడా దాదాపు ఇదే మాట. అది గుర్తొచ్చాకనే సింధూరి లేచి నిలబడింది.

ఆ వారం ఇంటికి వెళ్లి తండ్రితో చెప్పింది. జగన్నాధం పెరట్లో గేదెను కడుగుతున్నాడు. అంతా విని, చేతిలో గడ్డిచుట్ట కింద పడేసి, ఒక్కటే అడిగాడు.

"తెలిసే ఇచ్చినాడేటమ్మా?"

"తెలిసే నాన్నా."

"ఇత్తనం పుచ్చని తెలిసి రైతుకి అమ్మినోడిని ఏటంటాం" అన్నాడాయన. మళ్లీ, "ఆసుపత్రికొచ్చినాడు గదే ఆ మనిషి" అన్నాడు, ఆ రెండూ ఒకే మనిషి చేసిన పనులని నమ్మలేనట్టు. తర్వాత గేదె వైపు తిరిగాడు కానీ, కడగడం మర్చిపోయి నీళ్ల బకెట్టు పట్టుకుని నిలబడిపోయాడు.

సింధూరి తన మూడు పేపర్లలో తప్పుందని అవి అచ్చైన పరిశోధన పత్రికలకు రాసింది. తులసి గారికి ఫోన్ చేసి మొత్తం చెప్పింది. ఆమె మెచ్చుకుంది, కానీ పీహెచ్‌డీ అయ్యాక ఇచ్చే ఆ పోస్ట్‌డాక్ ఉద్యోగానికి పట్టా చేతిలో ఉండాలి, గడువు దాటితే అది నిలవదు. వేరే ఎవరో చేరారు. సింధూరి సరైన పెట్టె కట్టుకుని, ఆరేళ్ల పనిని మళ్లీ మొదట్నుంచి చేసింది. పద్నాలుగు నెలలు పట్టింది. కొత్త ఫలితాల్లో కాలవలు లేవు, ఎవరూ ఉదహరించేంత విశేషమూ లేదు. ల్యాబ్‌లో మిగతావాళ్లు ఆమెతో మాటలు తగ్గించారు. వాళ్ల థీసిస్‌లూ ఆ పెట్టె మీదే నిలబడ్డాయి మరి. ఒకరోజు క్యాంటీన్‌లో గిరిబాబు అనే జూనియరు టీ గ్లాసు పట్టుకుని వచ్చి, ఎదురుగా కూర్చోబోయి, పక్క బల్లకు వెళ్లిపోయాడు.

పత్రికల నుంచి ప్రశ్నలు మొదలయ్యాక మురళీమోహన్ సంతకం పెట్టక తప్పలేదు. అయితే సవరణ ప్రకటన తానే రాశాడు. మా బృందం తన పాత ఫలితాలను తానే పునఃపరిశీలించి, పొరపాటును గుర్తించి, బాధ్యతగా వెల్లడిస్తోంది అని ఉంది అందులో. నాలుగు నెలలు తిరక్కుండా, విశాఖలో ఏదో సదస్సులో పరిశోధనలో నిజాయితీ అన్న అంశం మీద మాట్లాడటానికి ఆయన్ని పిలిచారు. ఫ్లెక్సీలో ఆయన ఫోటో ఉంది. సింధూరి ఆ ఫోటోను ఫోన్లో చూసి, ఏడుపు వస్తుందేమోనని చూసుకుంది. రాలేదు. అన్నం మాత్రం రెండు రోజులు సహించలేదు.

థీసిస్ మొదటి పేజీలో ఆమె రెండే వాక్యాలు రాసింది. 'ఈ సాంద్రత దోషాన్ని మొదట గుర్తించినది అరుణశ్రీ. అదే నెలలో దాన్ని లిఖితపూర్వకంగా గైడ్‌కు తెలియజేశారు.' కింద ఆ మెయిల్ తేదీ. ఆ పేజీ మీద గైడ్ సంతకం కావాలి. కాగితం పదకొండు రోజులు సార్ బల్ల మీద ఉంది. మెయిల్ ప్రతి ఆమె దగ్గరుందని ఆయనకు తెలుసు. పన్నెండో రోజు సంతకం పడింది, పేరు సగానికే ఆగిపోయిన సంతకం.

వైవా రోజున హాల్లో ఆయన ముందు వరసలో కూర్చున్నాడు. చివర్న లేచి, సింధూరి మా ల్యాబ్‌కు గర్వకారణం అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

అరుణశ్రీ నుంచి ఆ సాయంత్రమే ఫోన్ వచ్చింది. థ్యాంక్స్ చెబుతుందనుకుంది సింధూరి.

"నా పేరెందుకు పెట్టినావే? నానడిగినానా? మా ప్రిన్సిపాలుకి సారు స్నేహితులు. రేపు నా గతేటి?"

"నీది నీకు దక్కాలి గదా అక్కా."

"నీకు కావలిసింది నువ్వు సేసుకున్నావు. దానికి నా పేరు అడ్డమేసుకున్నావు" అని పెట్టేసింది. ఆ మాటలో అబద్ధమెంతో నిజమెంతో సింధూరికి చాలా రోజులు తేలలేదు. అడగకుండా పెట్టిన మాట నిజమే.

ఇప్పుడామె బెంగళూరులో తులసి గారి దగ్గర ప్రాజెక్టు అసిస్టెంటుగా ఉంది. చేరాల్సిన ఉద్యోగానికి అది రెండు మెట్లు కింద, ఏడాదికోసారి పొడిగింపు. పక్కవాళ్లు ఎవరు ఏ ఫైలు ఇచ్చినా మొదట అంకెలన్నీ తనే మళ్లీ లెక్కగడుతుంది. కొందరు దాన్ని అవమానంగా తీసుకున్నారు.

మొన్న ఒక గాజులో ఆమె లెక్కకు, ప్రయోగశాలలో కొలిచిన విలువకు వెంట్రుకవాసి తేడా కూడా రాలేదు. అలాంటిది ఆమె చేతుల మీదుగా జరగడం ఇదే మొదలు. కుర్చీలోంచి లేచి, ఫోన్ తీసి, పేర్లు పైకి జరుపుతూ 'మ' దగ్గరికి వచ్చాక గానీ తానెవరికి చెప్పబోతోందో గ్రహించలేదు. ల్యాబ్‌లో ఉన్న ఆరేళ్లూ సంతోషమైతే మొదట చెప్పిన మనిషి ఆయనే. ఆ పేరును అలాగే చూస్తూ నిలబడింది. తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని, కారిడార్లో ఎవరూ లేని చివరిదాకా నడిచి, గోడకు చేరబడి, అన్నాళ్లూ రాని ఏడుపు ఏడ్చింది.