వడోద్ మిస్డ్ కాల్స్

వినోదకు ఒళ్ళు మండిపోయింది. పదహారేళ్ళుగా ఆ నగరపాలక సంస్థ జోనల్ ఆఫీసు ఫోన్లన్నీ ఒంటి చేత్తో చూసుకుంటున్న మనిషిని పట్టుకుని, సోమవారం నుంచి రికార్డు గదిలో ఫైళ్ళు సర్దుకోమన్నారు. పాత ఎక్స్ఛేంజి పీకేసి ఇంటర్నెట్ ఫోన్లు పెడుతున్నారట. గుజరాతీకి ఒకటి, హిందీకి రెండు నొక్కితే యంత్రమే అన్నీ చూసుకుంటుందట. ఇంకేం, మనిషి దేనికి!

ఫోన్లు బిగించడానికి వచ్చిన ఇంజనీరు పార్థసారథిది గుంటూరు. మంచివాడే గాని, తన యంత్రమంటే వల్లమాలిన మురిపెం. ట్రయల్ మూడో రోజు పొద్దున, వడోద్ పేట నుంచి ఎవరో ఆకతాయిలు ఒక్క రింగిచ్చి పెట్టేస్తున్నారనీ, అలాంటి నలభై నంబర్లను యంత్రం దానంతటదే బ్లాక్ చేసిందనీ గొప్పగా చెప్పాడు.

వినోద లిస్టు లాక్కుని చూస్తే అన్నీ తెలిసిన నంబర్లే. సిరిసిల్ల వైపు నుంచి వచ్చి అక్కడ మరమగ్గాలు నడుపుకునే వాళ్ళవి. ఆ మోతలో మాట వినపడదు గనుక ఒక్క రింగిచ్చి పెట్టేస్తారు. పదకొండింటికి వాళ్ళు చాయ్‌కి బయటికొచ్చినప్పుడు ఆమె తిరిగి చేస్తుంది. ఆ పద్ధతి నేర్పింది కూడా ఆమే.

"గాళ్ళు ఆకతాయిలు కాదు సార్, సాంచాలు నడిపేటోళ్ళు. నలభై మంది ఒక్కపారి మిస్డ్ కాల్ ఇచ్చిన్రంటే గల్లీల ఏదో అయింది. జర నాకు లైన్ ఇయ్యున్రి."

పైవాళ్ళను అడగాలని పార్థసారథి నసిగాడు. వినోద కదలలేదు. చివరికి అతనే పదకొండింటికి మొదటి నంబరు కలిపాడు. మగ్గం నడిపే నర్సింగం ఎత్తాడు. తెల్లారినప్పటి నుంచి నల్లాలో మురుగు కలిసి వస్తోందనీ, రెండోసారి చేస్తే ఫోను కలవనే లేదనీ, అసలు అక్క సీట్లో ఉందో లేదోనని గల్లీ అంతా బెంగపడిందనీ చెప్పాడు. వినోద మరో నాలుగు గల్లీలకు చేసి, ఏ పైపులో తేడా ఉందో నీటి విభాగానికి పక్కాగా చెప్పింది. పన్నెండు లోపే వాల్వు కట్టేశారు, ట్యాంకర్లు వెళ్ళాయి. ఒక్క బిడ్డకు కూడా జబ్బు చేయలేదు.

జోనల్ అధికారి సుమనాబెన్ స్వయంగా మెట్లు దిగి వచ్చి ఆరా తీసింది. పార్థసారథి నిజాయితీగా, యంత్రం మూసేసిన తలుపును ఈవిడ తెరిపించిందని ఒప్పుకున్నాడు. రికార్డు గది ఆర్డరు సాయంత్రానికి రద్దయింది. మిస్డ్ కాల్స్ అన్నీ ఇకపై వినోద తెరమీదికే వచ్చేలా అతను సాఫ్ట్‌వేర్ మార్చాడు.

సోమవారం పది దాటేసరికి తెర నిండా వడోద్ నంబర్లే. అరవై మూడు! పదకొండు కొట్టీ కొట్టగానే వినోద నర్సింగానికి కలిపి, మళ్ళీ ఏమైందని గాబరాగా అడిగింది.

"ఏం కాలేదక్కా, నీళ్ళు మంచిగొస్తున్నయి. నువ్వే చేస్తవా, ఇంకెవలన్న చేస్తరా సూద్దామని అందరం కొట్టినం."

పనీపాటా లేదా అని వినోద చెడామడా తిట్టింది. కొంగుతో కళ్ళు తుడుచుకుని, మిగిలిన అరవై రెండు నంబర్లకూ వరసగా ఫోన్ చేసి మరీ తిట్టింది.