ఖాళీ, గీత, చిన్న ఎమ్

నేను ఒక నల్ల కీబోర్డుని. మా భూషణం గారికి ఇచ్చే జీతం దండగని, కాళ్లు చాపుకుని తెర చూస్తూ కూర్చుంటాడని పక్క గదిలో పాలు పరీక్షించే నాగరత్నం అన్నదట. నా టకటకలు గోడ అవతలికి వినిపించడం లేదు కదా, అదీ ఆవిడ దగ్గరున్న సాక్ష్యం. ఊడ్చే ఆవిడ ఈ మాట మోసుకొచ్చి నా పక్కనే దించింది.

ఏ దేశంలో పుట్టానో నాకు తెలియదు. ఒక నెట్ సెంటర్లో ఆటలాడే పిల్లల చేతుల్లో నలిగి, అది మూతపడ్డాక ఈ పాల డెయిరీకి వచ్చాను. ఇక్కడ మౌసుతో పనిలేదు. నల్లటి తెర మీద పొడవాటి కమాండు కొడితే ఒక్కో ఊరి పాల లెక్క వస్తుంది. ఒక్క అక్షరం తప్పినా, మాటల మధ్య ఒక్క ఖాళీ తగ్గినా రాదు. అందుకని సాయానికి పెట్టిన సలోమి పక్క కుర్చీలో కూర్చుని కాగితం చూసి చదివేది, భూషణం గారు కొట్టేవారు.

“ఖాళీ, గీత, చిన్న ఎమ్. ఖాళీ మింగేశారు, వెనక్కి రండి.”

“మింగింది నేను కాదమ్మా, నీ దగ్గు.”

పొద్దుట్నుంచీ బిగ్గరగా చదివి చదివి ఆమె గొంతు పూడుకుపోయేది. ఆ గొంతు కోసమే ఆయన కిటుకులు నేర్చుకున్నారు. ట్యాబు నొక్కితే సగం కొట్టిన పేరు పూర్తవుతుంది. కంట్రోలు, ఆర్ మీటలు కలిపి నొక్కి నాలుగక్షరాలు కొడితే ఎన్నడో కొట్టిన వరుసను కంప్యూటరే గుర్తుంచుకుని మొత్తం తెర మీదికి తెస్తుంది. ఊరి పేరు మార్చుకుంటే చాలు. మధ్యాహ్నం దాకా సాగే పని టిఫిను వేళకే తెమిలిపోయింది.

“ఇక నీ గొంతుకు సెలవు” అన్నారాయన, కొత్త పెళ్లికొడుకులా వెలిగిపోతూ. మిగిలిన పూటంతా ఇద్దరూ కబుర్లే. మేనేజరు అది చూశాడు. ఒకరి పనికి రెండు కుర్చీలెందుకని సలోమిని క్యాన్లు దించే గేటుకు మార్చాడు. అక్కడ లారీల మధ్య రోజంతా కేకలే.

ఇప్పుడు నా మీద రెండు మూడు మీటలే అరిగి మెరుస్తున్నాయి. మిగతావాటి మీద దుమ్ము. పని ముగించి భూషణం గారు చూసేది తెరను కాదు, పక్కనున్న ఖాళీ కుర్చీని. అది నాగరత్నానికి ఎలా తెలుస్తుంది?

నిన్న సలోమి మంచినీళ్లకని లోపలికొచ్చింది. ఆయన కుర్చీ లాగి వేశారు.

“కూచో సలోమమ్మా. నువ్వు చదువు, ఆ కిటుకులు మాని మొదట్నుంచీ కొడతా. నువ్వు లేకుండా కుదరట్లేదని మేనేజరుకు చెబుతా.”

ఆమె గ్లాసు దించి తెర వైపు చూసింది. గొంతు పూర్తిగా బొంగురుపోయి ఉంది.

“దానికే గుర్తున్నప్పుడు నేనెందుకు చదవడం, భూషణం గారూ?”