ఎల్వీ గడ్డం మీది గాటు

కెనడాలోని థండర్ బే ఊళ్లో తొలి ఆడవాళ్ల ఐస్ హాకీ జట్టు కట్టిన మనిషి ఎల్వీ రాంటా. ఆవిడకిప్పుడు ఎనభై ఒకటి. ఆట జరిగే ఐస్ రింకు గోడకు ఆరడుగుల ప్రింటు, హాకీ క్లబ్బు వెబ్‌సైటుకు చిన్న కాపీ కావాలని ఆవిడ ఫొటో పని కైసా నీమెలాకు అప్పగించారు. కైసా రెండు రోజులు కంప్యూటర్ ముందు కూర్చుని ఆ ముఖానికి మెరుగులు దిద్దింది. రెండు ఫైళ్లూ పంపేసి, హాయిగా కాఫీ కలుపుకుంది.

సగం కప్పు తాగిందో లేదో, ప్రింటు షాపు డారిల్ ఫోన్ చేశాడు.

"ఏం పంపావు తల్లీ? ఇది ఎల్వీ గారా, బాత్రూం టైల్సా?"

కైసా నాలుక కరుచుకుంది. ఫైళ్లు తారుమారయ్యాయి. బుల్లిది ప్రింటుకు పోయి, సాగదీసేసరికి గళ్లు గళ్లుగా విడిపోయింది. పెద్దదేమో క్లబ్బు పేజీలో ఎంతకీ తెరుచుకోవడం లేదు.

"అరగంటలో సరిచేస్తా. ఆవిడకు మాత్రం చెప్పకు."

"నేను చెప్పేదేముంది? నమూనా కళ్లారా చూసుకుని, నీ దగ్గరికే బయల్దేరింది."

పది నిమిషాల్లో ఎల్వీ బూట్ల మంచు దులుపుకుంటూ లోపలికి వచ్చింది.

"గళ్ల సంగతి నువ్వు చూసుకుంటావులే అమ్మాయ్. నా గాటేదీ?"

"గడ్డం మీదిదా? తీసేస్తే బాగుంటుందనుకున్నానండీ."

"బాగుంటుందా! సడ్‌బరీ ఊరి జట్టుతో ఆటలో తగిలిన దెబ్బ అది. ఏడు కుట్లు వేయించుకొచ్చి మరీ గోలు కొట్టా. ఆ సాయంత్రమే రెఫరీ నన్ను పెళ్లాడతావా అనడిగాడు."

"మీ ధైర్యం చూసా?"

"ఏమో! ఎదురుగా ఉండేకంటే పక్కనుంటే క్షేమమనుకున్నాడేమో."

కైసా పకపకా నవ్వింది. ఒక్క గీతతో పాటు ఎంత కథ చెరిపేసిందో తలచుకుంటే సిగ్గూ వేసింది. గాటును వెనక్కి తెచ్చింది.

"మరి ముడతలు?"

ఎల్వీ తెర మీదికి వంగి చూసింది. "సగం ఉంచు. అన్నీ ఎందుకూ?"

ఈసారి కైసా ఫైళ్ల పేర్లు పైకి చదివింది. పెద్దది డారిల్‌కు, చిన్నది క్లబ్బుకు పంపింది. ఎల్వీ తన ఫోనులో పేజీ తెరిచింది. బొమ్మ చిటికెలో వచ్చింది. దాన్ని దూరం పెట్టి, దగ్గర పెట్టి చూసుకుంది.

"అమ్మో, ఈవిడతో ఆడాలంటే నాకే భయంగా ఉంది," అంది మురిసిపోతూ.